మజ్జిగ తాగిన టమోటా

రోగమొచ్చిన టమోటా మొక్కను పీకాలా, వద్దా? ఈ ఒక్క ప్రశ్న మీద పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లిలో మా ఇంట్లో జరిగినంత చర్చ బెంగళూరు విధానసౌధలో కూడా జరిగుండదు. ఓడిపోయింది ఎవరో చెప్పాల్సిన పనిలేదు. మీరూ సంసారులే కదా.

అసలు తప్పంతా 2023 జూలైది. టమోటా కిలో నూరు రూపాయలు దాటిపోయింది. "ఇకమీదట మనింట్లో టమోటా కొనేది లేదు, నేనే పండిస్తా" అని నలుగురూ వింటుండగా మీసం తిప్పినాను. ఆ ఏడు ఏమీ పండలేదు. తర్వాతి ఏడూ అంతే. ఈసారి మాత్రం పెరట్లో ఒక్క మొక్క నడుమెత్తు లేచింది. వచ్చిన చుట్టాలందరినీ, కాళ్లకు నీళ్లియ్యకముందే, పెరట్లోకి పిలుచుకొనిపోయి చూపించినాను.

అంతలోనే కొత్తాకులు పసుపుబారి పైకి ముడుచుకున్నాయి. పూత రాలిపోయింది. "ఎండదెబ్బ" అన్నాను. పావగడ ఎండ మీద ఏ నింద వేసినా చెల్లుతుంది. 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఇక్కడ ఊరికే పెట్టినారా! బూడిద చల్లినాను. వేపనూనె కొట్టినాను. పులిసిన మజ్జిగ పోసినాను.

"మజ్జిగ దానికెందుకు పోస్తావప్పా, ఇట్లిస్తే నేనన్నా తాగుతా గదా" అంది మా ఆవిడ.

హైస్కూల్లో చదివే మా పాప వచ్చి మొక్కను ఒక్కసారి ఊపింది. పిండి జల్లినట్టు తెల్లదోమ లేచింది. "నాయనా, ఇది ఆకుముడత వైరస్. దీనికి మందు లేదు. ఈ దోమే రసం పీల్చి పక్క మొక్కలకు అంటిస్తుంది. వేపనూనెకు దోమ తగ్గుతుందేమో గానీ వైరస్ పోదు" అని తేల్చేసింది. అంటే ఇన్నాళ్లూ నేను చేసింది వైద్యం కాదు, మజ్జిగ దండగ.

అయినా పీకబుద్ధి కాలేదు. అడుగు కొమ్మకు ఒక పిందె ఉంది మరి! దానికోసం వీధిలోని టమోటాలన్నీ ఎండినా ఫర్వాలేదనిపించింది.

మా ఆవిడది మడకశిర పక్క. "2000లో మా అనంతపురం జిల్లాలో చెనిక్కాయకు వైరస్ కొట్టి రెండు లక్షల హెక్టార్లకు పైన పోయింది. వయ్యారిభామ పుప్పొడితో వచ్చిన తెగులది. మా నాయన గట్టుమీద ఆ గడ్డిని, పూలు బాగున్నాయని వదిలేసినాడు. మీరంతా ఒకటే జాతి" అంది.

మామనూ నన్నూ ఒకే గాటన కట్టినందుకు అలిగి పడుకున్నాను.

తెల్లారి, దోమ ఇంకా రెక్క విప్పకముందే, ఆమె మొక్క మీద ప్లాస్టిక్ సంచి బోర్లించి, మొదలు పట్టి ఒక్క గుంజు గుంజింది. సంచి మూతి కట్టి ఎండకు పడేసింది. అంతా అయినాక నన్ను లేపి, కాఫీ చేతికిచ్చి, "ఆ మొక్క సంగతి నీ ఇష్టమప్పా, నువ్వే తీర్మానం చెయ్యి" అంది.

బాగా ఆలోచించి, పీకేయడమే మంచిదని తీర్మానించినాను.

ఇప్పుడక్కడ మా పాప అర్క రక్షక్ నారు నాటింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం, ఆకుముడతను తట్టుకుంటుందంట. నాకు నీళ్లు పోసేంతవరకే అనుమతి, అదీ చెంబులో ఏముందో చూపించినాకే.

మీ పెరట్లోనూ ముడతాకు మొక్క ఉండి, పీకేదానికి చేతులు రాకపోతే ఒక మాట చెప్పండి. మా ఆవిడను పంపిస్తా. మీరు లేచేలోపల పని అయిపోతుంది.