మంచుకాలంలో మందను చంపే సలహాలు

1881లో జేమ్స్ బ్రిస్బిన్ అనే అమెరికా సైనికాధికారి ‘ది బీఫ్ బొనాంజా’ అని ఒక పుస్తకం వేశాడు. పడమటి మైదానాల్లో పశువుల్ని పెంచితే సంపద దానంతటదే కూడుతుందని ఊరించిన పుస్తకం అది. గడ్డి కోసి దాచక్కర్లేదు, చలికాలంలోనూ మంద తన మేత తానే వెతుక్కుంటుంది అన్న మాట అప్పట్లో అందరి నోటా ఉండేది. 1886 వేసవిలో వానల్లేక గడ్డి మాడింది. ఆ చలికాలం మోంటానా, వయోమింగ్, డకోటాల్లో మంచు కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టి, ఉన్న గడ్డిని కప్పేసింది. ఆ పొరను పగలగొట్టుకుని మేయలేక మందలకు మందలు చచ్చాయి. ఆ తర్వాతే అక్కడ ఎండుగడ్డి నిలవ చేయడం తప్పనిసరైంది.

ఇప్పుడు వినపడే సలహాలు ఆ పాత ధీమాకి తలకిందులు. అతిప్రేమలోంచి వచ్చినవి, అంతే ప్రమాదకరమైనవి.

‘కొట్టంలోకి తోలి తలుపులన్నీ బిగించండి’ అంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఊపిరి ఆవిరి, మూత్రపు ఘాటు లోపలే నిలిచిపోయి ఊపిరితిత్తులు చెడతాయి. ఒళ్ళు పొడిగా, బొచ్చు ఒత్తుగా, కండ పట్టి ఉన్న ఆవు సున్నాకి 8 డిగ్రీల సెల్సియస్ దిగువ దాకా తట్టుకుంటుంది. అదే ఆవు నిలువునా తడిస్తే 15 డిగ్రీల దగ్గరే ఒంటి వేడి నిలుపుకోవడానికి తంటాలు పడుతుంది. 2013 అక్టోబరు తొలివారంలో దక్షిణ డకోటా పడమటి భాగంలో ముందు వాన కురిసి, వెంటనే ఈదురుగాలితో తడిమంచు పడింది. బొచ్చు ఇంకా రాని పశువులు, వేసవి బయళ్ళలోనే ఉన్నవి, వేల సంఖ్యలో పోయాయి. జనవరిలో ఇంతకు మించిన చలిని ఓర్చుకునే పశువులే అవన్నీ!

అందుకే గాలికి అడ్డం కట్టండి, కింద గోధుమగడ్డి మందంగా పరవండి. అడ్డం కూడా సందు లేని గోడలా వద్దు. గాలి పైనుంచి దూకి, మంచును తెచ్చి మంద మీదే పోస్తుంది. పలకల మధ్య అయిదో వంతు ఖాళీ వదిలితే గాలి జోరు తగ్గుతుంది. వీపు మీద మంచు కరక్కుండా నిలిచిందా? దులపకండి, లోపలి వేడి బయటికి పోవడం లేదన్నమాట.

‘చలి పెరిగితే దాణా దండిగా గుమ్మరించండి’ అన్నది మరో తప్పు. ఒక్కసారిగా గింజలు పెడితే పొట్టలో పులుపెక్కి ఆవు మేతే మానేస్తుంది. వేడి పుట్టించేది ఎండుగడ్డి, అది పొట్టలో పులిసేటప్పుడు. తట్టుకునే హద్దు దాటాక ప్రతి డిగ్రీకీ మేత అవసరం దాదాపు 2 శాతం పెరుగుతుంది. గడ్డి సాయంత్రం వేయండి, తెల్లవారుజాము చలికి ఆ వేడి అందుతుంది. చూడి ఆవులకు ఇందులో ఇంకో మేలుంది. రాత్రి మేత తిన్నవి ఎక్కువగా పగలే ఈనుతాయి. కెనడాలోని మానిటోబాలో కోనెఫాల్ అనే రాంచర్ గమనించి పాటించిన పద్ధతి ఇది. చీకట్లో, మంచులో దూడ కోసం వెతికే బాధ సగం తప్పుతుంది.

మంచు తింటాయిలే అని నీళ్ళ తొట్టిని వదిలేయకండి. నీళ్ళు తగ్గితే మేతా తగ్గుతుంది.

ఇక దూడ. మంచులో పడి బిగుసుకుపోయిన దూడకి బ్రాందీ పట్టమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. సారా చర్మపు నాళాల్ని తెరిచి, మిగిలిన కాస్త వేడినీ బయటికి పంపేస్తుంది. ముందు థర్మామీటరు పెట్టి చూడండి. 35 డిగ్రీల లోపు ఉంటే, తల పైకెత్తి పట్టుకుని, దాదాపు 38 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో ఉంచండి. నీళ్ళు చల్లారుతుంటే మార్చండి. గడ్డకట్టిన చెవుల్ని, తోకని రుద్దకండి, చర్మం ఊడుతుంది. ముర్రుపాలు తొలి రెండు గంటల్లోనే పడాలి, లేవలేకపోతే గొట్టంతో పట్టాలి. రోజు గడిస్తే ఆ రక్షణ దూడ ఒంటికి ఎక్కదు. బొచ్చు వేళ్ళ దాకా ఆరాకే తల్లి దగ్గరికి వదలండి.