గంటలో అనుమతి, ఏళ్ల తరబడి ఆ గంట

గంట. అక్షరాలా ఒక్క గంట. ఆసుపత్రి నుంచి క్యాష్‌లెస్ వైద్యానికి దరఖాస్తు అందిన గంటలోగా బీమా కంపెనీ నిర్ణయం చెప్పెయ్యాలి. డిశ్చార్జి వేళ మూడు గంటలు దాటకుండా తుది అనుమతి ఇవ్వాలి. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ఇది. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. ఎంత ప్రేమ! ఎంత తొందర!

ఆ గంట ఎప్పుడు మొదలవుతుందని మాత్రం అడక్కండి.

అరకులోయలో ఒక టీచరమ్మ ఉన్నారనుకుందాం. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 92 కిలోలు. షుగరుంది. మోకాళ్లు అరిగాయి. బడి గట్టు మీదుంది. విశాఖలో డాక్టరు చూసి బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ ఒక్కటే దారన్నారు. ఏటా ఠంచనుగా ప్రీమియం కట్టిన మనిషి కదా, ధీమాగా పాలసీ కాగితం తీశారు.

పాలసీ నవ్వింది.

మొదటి మెలిక, ఆగడం. పాలసీ కొన్న రోజు నుంచి రెండేళ్లో మూడేళ్లో గడిస్తే తప్ప ఈ ఆపరేషన్‌కు డబ్బివ్వమని చాలా కంపెనీల షరతు. అంతకుముందే ఉన్న జబ్బులకు గరిష్ఠ నిరీక్షణను 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించామని 2024లో ఘనంగా చాటుకున్నారు. ప్రజలు చప్పట్లు కొట్టారు. షుగరు కూడా కొట్టే ఉంటుంది. దానికి మూడేళ్లు రాసిచ్చారు మరి!

సరే, మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు పట్టిక వస్తుంది. ఇక్కడ కాస్త నిలబడదాం, ఎలాగూ నిలబడటమే కదా మన పని. ఎత్తుకూ బరువుకూ ముడిపెట్టే కొలత బీఎంఐ 40 ఉండాలి, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బు తోడుండాలి. ఆ జబ్బులేవో కూడా వాళ్లే చెప్పారు. ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, ఎంత మందు వాడినా లొంగని టైప్ 2 షుగరు. టీచరమ్మ బీఎంఐ 37. నలభైకి ఏడెనిమిది కిలోలు తక్కువ! మోకాళ్లా? జాబితాలో లేవు. రోజూ గట్టెక్కి బడికెళ్లే మనిషికి మోకాలు ముఖ్యమని పట్టిక రాసినవారికి తోచలేదు. లిఫ్టులో వెళ్లేవారు రాసుంటారు లెండి. షుగరు ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఆమె వేళకు మాత్రలు వేసుకుంటున్నారు, అదుపులో ఉంచుకున్నారు. అదే ఆమె చేసిన నేరం. మందు మానేసి, కళ్లో కిడ్నీలో పాడు చేసుకుని రండమ్మా, అప్పుడు చూద్దాం!

ఇంతకీ ఈ 40, 35 గీతలు ఎవరు గీశారు? 1991లో అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్‌ఐహెచ్ సమావేశం గీసింది. ఆ గీతను 2022లో అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి చెరిపేశాయి. 35 దాటితే చాలు, వేరే జబ్బేదీ చూపించక్కర్లేదన్నాయి. ఆసియా వాళ్లకు తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి 27.5 నుంచే ఆపరేషన్ అవకాశం ఇవ్వాలన్నాయి. మన దేశపు ఊబకాయ శస్త్రచికిత్స నిపుణులు కూడా ఎప్పటి నుంచో 37.5 చాలని, జబ్బులుంటే 32.5 చాలని చెబుతున్నారు. అమెరికా గీత అమెరికాలో చెరిగిపోయింది. అరకులో మాత్రం చెక్కుచెదరలేదు. ప్రీమియం మాత్రం 1991 నాటి రేటుకు తీసుకుంటారా? ఏడాదికేడాది కొత్త రేటేనాయె!

మూడో మెలిక దీనికి తాత. సర్జరీకి ముందు బరువు తగ్గే ప్రయత్నాలు చేసి విఫలమయ్యారని నిరూపించాలి. ఓడిపోయానని సర్టిఫికెట్ తేవాలన్నమాట. డైటీషియన్ చీటీలు, నెలనెలా బరువు రాసిన కాగితాలు, నడక లెక్కలు. కొండ మీద పుట్టిన మనిషిని నడిచినట్టు రుజువేదీ అంటారు! మరో తమాషా చూడండి. డాక్టరు చెప్పాడని ఆమె నోరు కట్టుకుని ఆరు కిలోలు తగ్గారనుకోండి. బీఎంఐ 35 కిందికి జారుతుంది. అయ్యో మేడమ్, మీకిప్పుడు అర్హత లేదంటారు. తగ్గకపోతే, మీరు శ్రద్ధగా ప్రయత్నించలేదంటారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. ఇక్కడ తగ్గించదు, తగ్గితే ఊరుకోదు.

తర్వాత క్వెరీలు. గంటలో జవాబు చెప్పాలని కదా నిబంధన? చెప్పారు. 'మరిన్ని పత్రాలు పంపండి' అన్నది కూడా జవాబే. మీరు పంపుతారు, గడియారం మళ్లీ సున్నాకొస్తుంది. మొదటి కన్సల్టేషన్ కాగితం పంపండి. పంపారా? స్లీప్ స్టడీ రిపోర్టు పంపండి. ఆ పరీక్షకు అనంతగిరి ఘాట్ దిగి, నూట పది కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి విశాఖలో రాత్రంతా పడుకోవాలి. అదీ అయిందా? ఒక కాగితంలో ఎత్తు 157 సెంటీమీటర్లు, మరోదాంట్లో 158 ఉంది, వివరణ ఇవ్వండి. ఆసుపత్రి, క్లెయిములు చూసే టీపీఏ డెస్కును అడగమంటుంది. డెస్కు కంపెనీని చూపిస్తుంది. కంపెనీకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యమని మ్యూజిక్ పెడుతుంది. లోయలో సిగ్నల్ పోతుంది. కంపెనీకి అంతకన్నా ఏం కావాలి?

ఈలోగా పెద్దలు ఊరుకున్నారా? 2025 ఫిబ్రవరిలో 'మన్ కీ బాత్'లో ప్రధాని ఊబకాయం మీద యుద్ధం ప్రకటించారు. వంటనూనె పది శాతం తగ్గించండన్నారు. మంచి మాటే, కాదన్నదెవరు? అదే ఏడాది జూన్ 20న విశాఖలో రికార్డు కోసం 25 వేల మంది గిరిజన విద్యార్థుల చేత 108 నిమిషాల్లో 108 సూర్యనమస్కారాలు వేయించారు. అద్భుతం. కొండబిడ్డల ఒళ్లు రికార్డుకు పనికొస్తుంది. ఆ ఒంటికి రోగమొస్తే మాత్రం ఫైలు కదలదు. పది శాతం నూనె తగ్గించే బాధ్యత మనది సరే, పది శాతం క్వెరీలు తగ్గించే బాధ్యత ఎవరిది?

బీమా పాలసీ ఉన్న టీచరమ్మ గతే ఇది. అదీ లేని గూడెం మాటేమిటి? వాళ్లకు సర్కారు పథకముంది. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టింది. తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. ఆ తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. బోర్డు మార్చడానికి ఎవరి ముందస్తు అనుమతీ అక్కర్లేదు, రాత్రికి రాత్రే అయిపోతుంది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలకు పెంచారు. 2025 అక్టోబరు వచ్చేసరికి బకాయిలివ్వడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలే ఆపేశాయి. కార్డు మీద 25 లక్షలు, కౌంటర్ దగ్గర సున్నా. ప్రభుత్వం మారితే కార్డు మీద ఫొటో మారుతుంది. రోగి మారడు, వరుసా మారదు. డోలీలో కొండ దిగిన రోగిని వేలిముద్ర పడలేదని నిలబెట్టేది ఈ వ్యవస్థే. డోలీ మోసేవాడికి బీఎంఐ పట్టిక అక్కర్లేదు, బరువెంతో భుజమే చెబుతుంది. ఆ భుజానికి మాత్రం ఏ క్యాష్‌లెస్సూ లేదు. డోలీలు లేని మన్యం చేస్తామని 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో 'అడవితల్లి బాట'కు శంకుస్థాపన చేశారు. బాట వేస్తే సంతోషం. ఆ బాట ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్తుంది. గుమ్మం దాటి డెస్కు దాకా బాట వేసేదెవరు?

నిజానికి ఈ తంతులో పొరపాటేమీ లేదు. పొరపాటైతే ఈపాటికి ఎప్పుడో ఒకసారి రోగికి అనుకూలంగా జరిగేది. విసిగి సగం మంది పోతే పోనీ, మిగిలినవాళ్లలో సగం మంది అప్పు చేసి సొంత డబ్బు కట్టుకుంటారులే అన్నదే లెక్క. మనం విసిగిపోవడమే వాళ్ల లాభం.

కాబట్టి విసగకండి, విసిగించండి. 'కుదరదు' అని ఫోన్లో చెబితే ఒప్పుకోవద్దు, పాలసీలో ఏ నిబంధన కింద కుదరదో రాసిమ్మనండి. క్లెయిమ్ తిరస్కరించాలంటే కంపెనీలోని ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ రివ్యూ కమిటీయో, దాని పై కమిటీయో ఆమోదించాలని అదే 2024 సర్క్యులర్ చెబుతోంది. ఎవరు ఆమోదించారో అడగండి. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు వింటారు. అక్కడ తీర్పు మీ వైపు వచ్చి, కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ మీకు 5,000 రూపాయలు చెల్లించాలి.