పురిటింటికి ఫ్లాష్ కొట్టుకుంటూ

గంజాం జిల్లా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో మన పొరుగు కాదు, మన ఇల్లే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక పొరుగిల్లయింది. ఋషికుల్య ఒడ్డున ఉన్న గంజాం పట్టణం అయితే 1815 నాటి జ్వరాల దెబ్బకే జిల్లా కచేరీని పోగొట్టుకుంది. ఆ పోయిన వైభవాన్ని తిరిగి తెచ్చింది కలెక్టర్లు కాదు, తాబేళ్లు.

నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. 2023లో ఆరు లక్షలు దాటాయి. 2024లో మూకుమ్మడిగా రావడం మానేశాయి. సెలవు చీటీ లేదు, సంజాయిషీ లేదు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నవాళ్లకు మెమో ఇచ్చే దమ్మెవరికుంది? 2025లో వాటంతటవే దాదాపు ఏడు లక్షలు దిగాయి.

ఆ రాత్రుళ్లు ఇసుకలో జరిగేది మన రియల్ ఎస్టేటే. ఒక తల్లి గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా ఊపి నేలను గట్టిచేసి వెళ్తుంది. మర్నాడు ఇంకో తల్లి వచ్చి సరిగ్గా అక్కడే తవ్వి, పాత గుడ్లు బయటపారేసి తనవి పెడుతుంది. ఒకే ప్లాటు ఇద్దరికి. కోర్టుకెళ్లే పనిలేదు, తెల్లారేసరికి కాకులూ కుక్కలూ తీర్పు చెప్పేస్తాయి.

ఇక మన సందర్శకుడు. తాబేలు కంటి నుంచి కారే జిగురు నీరు చూసి ‘అయ్యో, ఏడుస్తోందర్రా’ అని ఫ్లాష్ కొడతాడు. అది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పు. ఫ్లాష్ పడ్డాక ఏడుస్తుందేమో చెప్పలేం. వెలుతురుకు బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లుతుంది.

నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. వెలుతురున్న వైపే సముద్రం అని వాటి నమ్మకం. పాపం, పాత నమ్మకం. ఇప్పుడు ఫ్యాక్టరీ దీపాలున్నాయి, హైవే దీపాలున్నాయి. పుట్టగానే అభివృద్ధి వైపు పాకుతాయి. వాటిని ఏరి, బకెట్లలో మోసి, నీళ్లలో వదిలేది చుట్టుపక్కల బెస్తపల్లెల కుర్రాళ్లు.

ఈ తీరాన జాలరి ఇళ్లలో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. తాబేళ్ల కోసం వీళ్లకు నవంబర్ 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట బంద్. తాబేలు గుడ్లకు వలతో కంచె ఉంది. సముద్రం కోసుకుపోయిన ఇక్కడి పొడంపేట పల్లె ఇళ్లకు లేదు. అవి మొదటి షెడ్యూల్లో లేవు కదా! దూరంగా ట్రాలర్ల వలల్లో పడి ఊపిరాడక చచ్చిన తాబేళ్లు మాత్రం ఒడ్డుకు కొట్టుకొస్తూనే ఉంటాయి. అవి చట్టం చదువుకోలేదేమో.

‘ఏటి చేస్తాం బాబూ, ఆటికి పురుడు, మాకు పస్తు’ అంటాడు పడవ నీడన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన.

సందర్శకుడు సానుభూతిగా తలూపి, ఆయనతో కూడా ఒక సెల్ఫీ దిగి, కారెక్కబోతూ అడుగుతాడు: ‘పెద్దాయనా, ఇక్కడ తాజా చేపల పులుసు ఎక్కడ దొరుకుతుంది? ఇవాళ పట్టిందే కావాలి.’