పేరు లేని ఇనుము

నేను నందికంత పోతరాజును కాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పాశమైలారం తుక్కు గుట్టలో ప్రతి ముక్కా తనకో గొప్ప గతం ఉందంటుంది. నందికంత పోతరాజు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి కఠారి. దాన్ని దేవరకొండ లింగమనేడు పట్టుకుపోయాడని, శ్రీనాథుడు పద్యం చెప్పి మెప్పించి వెనక్కి తెచ్చాడని కథ. నాకు పేరూ లేదు, పద్యమూ లేదు. నాది పేరుమోసిన కోనసముద్రం ఉక్కు కూడా కాదు. ఊరి కొలిమిలో కాగిన మోటు ఇనుమును. రేచర్ల పద్మనాయకుల దండులో ఒకానొక బంటు బల్లెం మొనను.

దొరలను నేనెప్పుడూ వెనక నుంచే చూశాను. 1361లో జల్లిపల్లి ముట్టడిలో మా దొర సింగమనాయకుణ్ణి మోసంతో చంపారు. మా బంటుకు అర్థమైందల్లా ఒక్కటే, ఇప్పట్లో ఇల్లు చేరేది లేదని. కొడుకులు అనపోతనాయకుడు, మాదానాయకుడు తండ్రి పగ తీర్చుకునేదాకా దండు నిలవలేదు. తర్వాత ఓరుగల్లు వైపు. భీమవరం దగ్గర ముసునూరి కాపయనాయకుడు కూలాడు. ఢిల్లీ సేనలను ఓరుగల్లు నుంచి తరిమిన మనిషాయన. ఆయన ప్రాణం తీసింది ఏ సుల్తానో కాదు, మేమే. 1369లో అయినవోలులో అనపోతనాయకుడు శాసనం వేయించాడు. నాకు మాత్రం ఆ గెలుపు ఇప్పటికీ మింగుడుపడదు.

అన్నకు రాచకొండ, తమ్ముడికి దేవరకొండ. బహమనీలతో చెయ్యి కలిపారు. 1430ల్లో ఆ బహమనీలే రాచకొండను లాక్కున్నారు. వంశం మాత్రం నిలిచింది, వెంకటగిరి జమీందార్లు ఆ కొమ్మవాళ్లే.

మధ్యలో మా దొరల్లోనే సర్వజ్ఞ సింగభూపాలుడని ఒకాయన. సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. లోపల రసచర్చ, వాకిట మా కాపలా. ఎన్ని రసాలున్నాయో తెలీదు గానీ నిద్రలేమికి అందులో చోటున్నట్టు లేదు.

నేను అరిగాక కమ్మరి పలుగు మొన చేశాడు. రాణి నాగాంబిక నాగసముద్రం చెరువు తవ్విస్తున్న రోజులవి. ఆ పని నాకు నచ్చింది. బల్లెంగా దిగబడిన చోట మనిషి అరిచేవాడు. మట్టి అరవదు. వానాకాలం దాటేసరికి నేను గుచ్చిన చోటల్లా నీళ్లు.

ఆ తర్వాత కొడవలి, కర్రు, చివరికి తలుపు బందు. ఒకరోజు ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని అరుచుకుంటూ వచ్చిన బండి ఎక్కాను. దిగింది పాశమైలారంలో.

అక్కడ నా పక్కన యూరప్ నుంచి కంటైనర్‌లో వచ్చిన తుక్కు. తానూ దొరల ఇనుమునేనంది. హంగరీలో హున్యాది వంశమట. యానోష్ హున్యాది 1456లో బెల్‌గ్రేడ్ దగ్గర ఒట్టోమన్ సుల్తాను దండును తిప్పికొట్టాడట. రెండేళ్లకు కొడుకు మాత్యాష్ రాజయ్యాడట, గొప్ప గ్రంథాలయం పెట్టాడట. ‘మీవాడు పుస్తకాలు కూడబెట్టాడు, మావాడు రాశాడు’ అన్నాను. ఇన్ని వందల ఏళ్లయినా బంటు బుద్ధి పోలేదు చూడండి!

ఇండక్షన్ ఫర్నేస్‌లో 1600 డిగ్రీల వేడికి గానీ ఆ వాదన ఆగలేదు. బిహార్ కుర్రాడొకడు పొడుగాటి సలాకతో పైన తేలిన తెట్టు తీసేశాడు. బిల్లెట్లుగా పోశారు, రోలింగ్ మిల్లులో సాగదీశారు. ఇప్పుడు 12 ఎం.ఎం. రాడ్‌ను.

ఆ మధ్య లారీకెక్కించారు, ఎల్బీనగర్‌లో అపార్ట్‌మెంట్ కోసమట. డ్రైవర్ ఫోన్‌లో అంటున్నాడు: “రాచకొండ లిమిట్స్ కదా అన్నా, రాత్రయ్యేదాకా లారీని పోనియ్యరు.” 2016 నుంచి 2025 దాకా అక్కడి పోలీస్ కమిషనరేట్‌కు ఆ కోట పేరే ఉండేదని నాకేం తెలుసు? దండు కదులుతోందనుకుని ఒక్క క్షణం నిక్కాను. డ్రైవర్ ఇంజన్ ఆపి చాయ్ తాగడానికి దిగిపోయాడు.