ఉమ్మి పరీక్షలో అందరూ పాస్

కంప్యూటర్ ఆటల్లో ఉత్ప్రేరకాల గుట్టు రట్టయిన తీరే ముచ్చటగా ఉంటుంది. దాన్ని పోలీసులూ పట్టుకోలేదు, పరీక్షలూ పట్టుకోలేదు. పోలండ్‌లోని కటోవిట్సేలో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట పోటీ ముగిసిన కొన్ని నెలలకు, 2015 జులైలో, క్లౌడ్ నైన్ జట్టు మాజీ ఆటగాడు కోరీ ఫ్రీసెన్ ఓ ఇంటర్వ్యూలో మాటల్లో మాటగా అనేశాడు: అక్కడ మేమంతా ఆడరాల్ వేసుకునే ఆడాం అని. ఏకాగ్రత కుదరనివాళ్ళకు అమెరికాలో డాక్టర్లు రాసే ఆంఫెటమిన్ మాత్ర అది.

నిర్వాహకులైన ఈఎస్‌ఎల్ వారు ఉలిక్కిపడ్డారు. జర్మనీ డోపింగ్ నిరోధక సంస్థను సాయం అడిగి, ఆగస్టులో కొలోన్‌లో జరిగే రెండున్నర లక్షల డాలర్ల పోటీలో ఉమ్మి పరీక్షలు చేస్తామని ప్రకటించారు. చేశారు కూడా. ఒక్కడూ దొరకలేదు! నెల ముందే టముకు వేసి తనిఖీకి వెళ్తే మన రేషన్ షాపు తూకం కూడా గ్రాము తేడా లేకుండా ఉంటుంది.

ఇంతకీ ఏది మందు, ఏది కాదు? కెఫీన్ 2004 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో లేదు. అందుకే ఆటగాడి చొక్కా మీద ఎనర్జీ డ్రింక్ బొమ్మ, కెమెరాకు పేరు కనబడేలా తిప్పిపెట్టిన డబ్బా. రెడ్‌బుల్, మాన్‌స్టర్‌ల డబ్బు ఈ రంగంలో ఎప్పటినుంచో పారుతోంది. కునుకు పట్టనివ్వని సరుకు డబ్బాలో వస్తే స్పాన్సర్, మాత్రగా వస్తే నేరం. డాక్టరు చీటీ ఉంటే మాత్రకూ మినహాయింపు ఉందనుకోండి. అది న్యాయమే, నిజంగా జబ్బున్నవాడి మందు లాక్కోలేం. కాకపోతే చీటీ సంపాదించడం ఎంత కష్టమో మన ఆఫీసుల్లో మెడికల్ లీవు పెట్టేవాళ్ళకు బాగా తెలుసు.

పోనీ, మింగితే గెలుస్తారా? జర్మన్ పరిశోధకులు చదరంగం ఆటగాళ్ళకు మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజక మాత్రలు, కెఫీన్ ఇచ్చి ఆడించి చూసి, 2017లో ఫలితాలు వెల్లడించారు. ఒక్కో ఎత్తుకు మరింతసేపు ఆలోచించారట. ఆలోచిస్తుండగానే గడువు అయిపోయి ఓడినవాళ్ళూ పెరిగారట.

అసలు దొంగ వేరేచోట ఉన్నాడు. 2018 అక్టోబరులో షాంఘైలో అదే కౌంటర్ స్ట్రైక్ ఆడుతున్న ఆప్టిక్ ఇండియా జట్టులో ఓ ఆటగాడి కంప్యూటర్లో, గురిని తానే కుదిర్చిపెట్టే ప్రోగ్రామ్ దొరికింది. ఆ ఫైలు పేరు వర్డ్ డాట్ ఈఎక్స్ఈ. తలలు ఎగరగొట్టే ఆట మధ్యలో కుర్రాడు సెలవు చీటీ టైపు చేసుకుంటున్నాడని అనుకోవాలి కాబోలు! నిర్వాహకుడు వచ్చి చూడబోతే అడ్డుపడ్డాడు. జట్టు రద్దయింది, అతనికి ఐదేళ్ళ నిషేధం పడింది. ఎంత ఉమ్మి సేకరిస్తే ఆ ఫైలు దొరికేది?

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కంప్యూటర్ ఆటలకు పతకాలిచ్చారు. 2025లో మన పార్లమెంటు కూడా చట్టం చేసి ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. పతకాలొచ్చాక పరీక్షలూ వస్తాయి. డోపింగ్ నిఘా జాబితాకెక్కిన క్రీడాకారుడు రోజూ ఒక గంట ఎక్కడుంటాడో ముందే చెప్పాలి. ఏడాదిలో మూడుసార్లు దొరక్కపోతే తప్పే. పరుగు వీరులకు ఇది ప్రాణసంకటం గానీ మనవాళ్ళకు లెక్కే లేదు. కుర్చీలో తప్ప ఇంకెక్కడుంటారు?

రేపో మాపో కూకట్‌పల్లిలో ఓ ఫ్లాటు ముందు అధికారి సీసా పట్టుకుని నిలబడతాడు. తల్లి తలుపు తీస్తుంది.

"అమ్మా, మీ అబ్బాయి శాంపిల్ కావాలి."

"గదిలోనే ఉన్నాడు, లేపగలిగితే తీసుకెళ్ళండి బాబూ. ఇడ్లీ తినమంటేనే లేవట్లేదు."

"నిషేధించిన పదార్థాలేమైనా వాడుతున్నాడా?"

ఆవిడ జాబితా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివింది.

"ఇందులో సెల్‌ఫోన్ లేదేంటి బాబూ? కాస్త రాసుకోండి, మీకు పుణ్యముంటుంది."