పాముకు పనివేళలు లేవు

పాముకు ప్రభుత్వ నిబంధనలంటే బొత్తిగా గౌరవం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పొద్దున తొమ్మిదింటికి తెరుచుకుని సాయంత్రం నాలుగింటికి సద్దుమణుగుతుందని చాలా ఊళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. కట్లపాముకు మాత్రం తెలియదు. అది అర్ధరాత్రి దాటాక ఇంట్లో దూరి, నేల మీద చాప పరుచుకున్నవాళ్లను కరుస్తుంది. కరిచినట్టు పెద్దగా నొప్పి కూడా తెలియనివ్వదు. తెల్లవారుజామున కడుపులో నొప్పంటూ లేస్తే గ్యాసనుకుని సోడా తాగిస్తాం. రెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తనుకుంటాం. ఊపిరి అందనప్పుడు గానీ పాము గుర్తుకు రాదు.

అలా పోయినవాళ్లెందరు? ఇక్కడ మన దేశంలో రెండు రకాల గణితాలున్నాయి. 2003 నుంచి 2015 వరకు ప్రభుత్వాసుపత్రుల్లో పాముకాటుతో పోయినవాళ్లు 15,500 మంది అని సర్కారు లెక్క. ఇంటింటికీ వెళ్లి, మీవాళ్లు ఎలా పోయారని బంధువులను అడిగి తెలుసుకున్న పరిశోధకులు 2020లో ఇంకో లెక్క ప్రచురించారు. దాని ప్రకారం ఆ పదమూడేళ్లలో ఆ ఆసుపత్రుల్లోనే లక్షా యాభై నాలుగు వేల దాకా పోయి ఉండాలి. ఆసుపత్రి గడప తొక్కకుండా పోయినవాళ్లను కూడా కలిపితే 2000 నుంచి 2019 వరకు దాదాపు 12 లక్షలు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. అందులో దాదాపు సగం జూన్, సెప్టెంబరు మధ్యనే. నూటికి డెబ్బై మరణాలు ఎనిమిది రాష్ట్రాల్లో. ఆ ఎనిమిదిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. విడిపోయాక ఆస్తుల పంపకం ఇంకా తెగలేదు గానీ, పాముల పంపకంలో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ రాలేదు.

మనకు లెక్కపెట్టడం చేతకాదని ఎవరూ తొందరపడి తీర్మానించొద్దు. మధ్యప్రదేశ్‌లో పాముకాటుతో పోతే కుటుంబానికి నాలుగు లక్షల పరిహారం ఇస్తారు. అక్కడి సివనీ జిల్లాలో పాముకాటు వంటి ప్రమాదాల పేరు చెప్పి 47 మందిని మళ్లీ మళ్లీ చంపి, 11 కోట్ల పైచిలుకు నొక్కేశారని 2025లో బయటపడింది. కొందరినైతే ముప్పైసార్ల దాకా చంపారు. డబ్బున్నచోట ఒక్క చావు ముప్పై అవుతుంది, లేనిచోట పది చావులు ఒకటవుతాయి. మన గుమాస్తాలకు హెచ్చవేత, భాగహారం రెండూ వచ్చు.

నివారణ చర్యలూ లేకపోలేదు. 2018లో దివిసీమలో పాముకాట్లు వందకు పైగా అయ్యేసరికి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం జరిగింది. యాగం వద్దనను. స్వామివారు ఎవరి మొరైనా వింటారు. కాకపోతే రాత్రి రెండు గంటలకు అక్కడి అవనిగడ్డ చుట్టుపక్కల ఏ ఆసుపత్రిలో మందుంది, ఏ డాక్టరున్నాడు అన్న సంగతి ఆయన దాకా వెళ్లాల్సింది కాదు.

మంత్రగాళ్లను వెక్కిరించడం చదువుకున్నవాళ్లకు సరదా. పూర్వం మద్రాసు లైనులో ఒక స్టేషన్ మాస్టరు తంతిలోనే పాము మంత్రం వేసేవారని పాతతరం గొప్పగా చెప్పుకునేది. మంత్రం పనిచేసిందంటే రహస్యం ఒక్కటే. కరిచిన పాముల్లో చాలావాటికి అసలు విషం లేదు, ఉన్నవి కూడా ప్రతిసారీ ఎక్కించవు. సరే, నవ్వుకుందాం. కానీ మంత్రగాడు రాత్రిపూట తలుపు తీస్తాడు. ‘స్టాకు లేదు’ అనడు. ‘రేపు రండి’ అనడు. మరి మన సర్కారీ మంత్రం ఏమిటి? ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.’ మందుకు రోగి ఒళ్లు రియాక్షన్ ఇస్తే దాన్ని ఆపే అడ్రినలిన్ ఎదురుగా ఉండదు, బయట బంధువులుంటారు. అందుకని డాక్టరు రెఫర్ చీటీ రాసేస్తాడు. పామూ చావదు, కర్రా విరగదు. మనిషి సంగతి దారిలో తేలుతుంది.

చేయాల్సింది అంత కష్టమా అంటే, కాదు. రక్తపింజర విషం ఎక్కిందేమో చూడడానికి యంత్రాలేవీ అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. సిరంజి, గొట్టం, గడియారం ఉంటే చాలు. గోడ గడియారం ఏనాడో ఆగిపోయి ఉంటుంది, నిజమే. నర్సమ్మ సెల్‌ఫోను ఉందిగా.

ఇక మందు. తమిళనాడులో ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం పాముల్ని పట్టి విషం తీస్తుంది. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలోంచి విరుగుడు తీస్తారు. హైదరాబాద్ కంపెనీ ఒకటి కూడా ఈ విరుగుడును తయారుచేస్తుంది. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని, ఈ మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయదని బెంగళూరు శాస్త్రవేత్తలు మొత్తుకుంటున్నారు. ఆ మాట వినే తీరిక మనకెక్కడిది? ఉన్న మందే కావలసినన్ని సీసాలు దొరకదు. మొదటి విడతకే ఎనిమిది నుంచి పది సీసాలు కావాలి. పసిపిల్లలకైనా అంతే. పిల్లాడు కదా అని పాము విషం తగ్గించి ఎక్కించదు. రెండు సీసాలున్న ఆసుపత్రి రికార్డులో మాత్రం ‘మందు అందుబాటులో ఉంది’ అనే ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2024 మార్చిలో కేంద్రం కూడా మేలుకుని, 2030 నాటికి మరణాలను సగానికి తగ్గిస్తామని ప్రణాళిక విడుదల చేసింది. దేనిలో సగం అని అడక్కండి, పైన రెండు లెక్కలున్నాయి. సర్కారు లెక్కనే పట్టుకుంటే ఎప్పుడో సాధించేశాం. ప్రణాళికతోపాటు 15400 అనే హెల్ప్‌లైన్ వచ్చింది. ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన అయిదుచోట్లలో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ లేదు. కృష్ణ ఒడ్డున తిరిగే పాములు ఏ గట్టున ఉన్నాయో చూసుకుని కరవాలి. ఆ ఏడాది నవంబరులో, ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేయించండని కేంద్రం రాష్ట్రాలకు లేఖ కూడా రాసింది.

పాఠకులకు ఒక్క మనవి. కరిస్తే తువ్వాలుతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన చోటును, విరిగిన కాలిని ఉంచినట్టు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. అంతకన్నా ముందు, వానలు పడకముందే, మీ మండలం ఆసుపత్రికి వెళ్లి పాము మందు ఎన్ని సీసాలుందో, రాత్రి ఎవరుంటారో అడగండి. పది సీసాలు లేవంటే వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.