ఆవకాయ సీసా వదిలి వెళ్ళండి: విదేశీ చదువుకు ఏడు తప్పుడు సలహాలు

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా నాలుగో సంవత్సరం పిల్లలు రికమండేషన్ లెటర్ కోసం వస్తారు. లెటర్‌తో పాటు కొన్ని సలహాలు కూడా ఇస్తాను. వెంట వచ్చిన అమ్మానాన్నలకు అవి నచ్చవు. పిల్లల్ని చెడగొట్టే మాటలంటారు. ఒక పెద్దాయన గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ‘‘మీ పిల్లలకైతే ఇలాగే చెబుతారా మేడమ్?’’ అని అడిగారు. మా అబ్బాయికీ ఇవే చెప్పాను.

చదువు ఇక్కడా దొరుకుతుంది. పుస్తకాలు అవే, నెట్‌లో లెక్చర్లూ అవే. ఇక్కడ దొరకనిది ఒకటుంది. మన ఇంటిపేరు, కులం, నాన్న ఉద్యోగం, ఎంసెట్ ర్యాంకు ఎవరికీ తెలియని చోట నిలబడి, మన మాటతో, మన పనితో మాత్రమే మనల్ని మనం పరిచయం చేసుకోవడం. విదేశీ చదువు వల్ల కలిగే మేలంతా అక్కడే మొదలవుతుంది. ఊరు మారితే చాలదు, ఊతం కూడా మారాలి. నా సలహాలన్నీ అందుకోసమే.

1. డిగ్రీకి తొందరపడకండి, ముందు మూడు నెలలు వెళ్ళి రండి

‘‘వెళితే ఒకేసారి ఎం.ఎస్.కి వెళ్ళాలి, మధ్యలో ఈ తిరుగుడు దేనికి?’’ అంటారు. మూడో సంవత్సరంలో ఉన్న పిల్లలకు దారులున్నాయి. కెనడా యూనివర్సిటీల్లో 12 వారాలు పరిశోధన చేయించే మైటాక్స్ గ్లోబలింక్ ఉంది. జర్మనీకి డాడ్ సంస్థ ఇచ్చే వైజ్ స్కాలర్‌షిప్ ఉంది. సంగారెడ్డి దగ్గర కంది క్యాంపస్‌లోని ఐఐటీ హైదరాబాద్‌కు మొదటి నుంచీ జపాన్ యూనివర్సిటీలతో పొత్తు ఉంది. పోటీ గట్టిదే. అయినా అప్లై చేయండి. ఆ కొద్ది వారాల్లో ల్యాబ్ ఎలా నడుస్తుందో, ఒంటరితనం ఎలా ఉంటుందో, ఆ సబ్జెక్టు మీద మనకు నిజంగా ఇష్టం ఉందో లేదో తెలిసిపోతుంది. లక్షలు అప్పు చేశాక తెలుసుకోవడం కంటే ముందే తెలుసుకోవడం మేలు.

2. మనవాళ్ళు లేని ఊరు వెతుక్కోండి

‘‘మన సీనియర్లు పదిమంది ఉన్న చోటికే పంపుతాం’’ అనే మాట ప్రతి ఇంట్లో వింటాను. భయం అర్థమవుతుంది. కానీ పదిమంది ఉన్న చోట గది, వంట, క్లాసు ప్రాజెక్టు, వారాంతం అన్నీ తెలుగులోనే గడిచిపోతాయి. కొన్నిచోట్ల కులసంఘం కూడా సిద్ధంగా ఉంటుంది. రెండేళ్ళు ఉండి కూడా ఆ దేశంవాళ్ళ ఇంట్లో ఒక్కసారి భోంచేయని పిల్లల్ని చూశాను.

బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన వి.వి.గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఆ ఏడే అక్కడ యజమానులు వేలమంది కార్మికులకు ఫ్యాక్టరీ గేట్లు మూసేశారు. ఆయన కళ్ళముందే ఒక చిన్న దేశం సామ్రాజ్యానికి ఎదురు నిలిచింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆయన ఐర్లాండ్ వదిలి రావలసి వచ్చింది. వచ్చాక రైల్వే కార్మికులకు సంఘాలు కట్టారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన బతుకుకు దారి చూపింది లా పుస్తకం కన్నా ఎక్కువగా ఆ ఊరే. ఊరు పాఠం చెప్పాలంటే మనం ఊళ్ళో తిరగాలి.

ఒంటరిగా వెళ్ళడమంటే జాగ్రత్తలు మానేయడం కాదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఆరోగ్య బీమా తీసుకోండి. మనసు కుంగితే యూనివర్సిటీ కౌన్సెలర్ దగ్గరకు మొదటి వారంలోనే వెళ్ళండి.

3. ర్యాంకు చూడకండి, అప్పు చూడండి

అమెరికా ఎం.ఎస్.కి 40, 50 లక్షలు అప్పు చేయడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఆ లెక్కంతా వచ్చే ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది. చదువయ్యాక ఓపీటీ అనే అనుమతి మీద ఏడాది పనిచేయవచ్చు, సైన్స్, ఇంజనీరింగ్ వాళ్ళకు ఇంకో రెండేళ్ళు కలుస్తాయి. ఆ తర్వాత హెచ్-1బి ఉద్యోగ వీసా కావాలి. దానికి కంపెనీల కోటా ఏడాదికి 85,000. అడిగేవాళ్ళు అంతకంటే ఎక్కువైతే లాటరీ తీస్తారు. లాటరీ తగలని పిల్లాడు నేర్చుకోవడం మానేసి వడ్డీ లెక్కపెడుతూ కూర్చుంటాడు. అప్పు నెత్తిన ఉన్నవాడు కొత్త సబ్జెక్టు జోలికి పోడు, ప్రొఫెసరుతో వాదించడు, ఇంటికి రావడానికి సిగ్గుపడతాడు. చదువు ఇవ్వాల్సిన ధైర్యాన్ని అప్పు ముందే తినేస్తుంది.

అందుకే చుట్టాలు పేరు వినని యూనివర్సిటీ అయినా సరే, తక్కువ ఖర్చుదే ఎంచుకోండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలని 2024లో నిర్ణయించారు. ఆ డబ్బు నెలకు 992 చొప్పున మన ఖర్చుకే తిరిగి వస్తుంది. ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు, కనీసం రెండు దేశాల్లో చదవవచ్చు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది.

క్లాసుకు వెళ్ళకపోయినా ఫరవాలేదని చెప్పే చోటికి మాత్రం ఎంత చవకైనా వెళ్ళకండి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో నడిచిన యూనివర్సిటీకి క్లాసుల్లేవు, టీచర్లు లేరు. అది ఇమిగ్రేషన్ అధికారులు పన్నిన వల అని 2019 జనవరిలో బయటపడింది. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది మన దేశం పిల్లలే, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది.

4. ఆవకాయ సీసా ఇంట్లోనే వదిలెయ్యండి

ఈ సలహాకు అమ్మలు నొచ్చుకుంటారని తెలుసు. తొంభైల్లో నేను చదువుకోవడానికి జర్మనీ తూర్పు ప్రాంతంలో ఒక చిన్న ఊరికి వెళ్ళాను. మా అమ్మ ఆవకాయ, గోంగూర, కందిపొడి, నెయ్యి కట్టి ఇచ్చింది. అవి ఉన్నన్నాళ్ళూ ఉమ్మడి వంటింట్లో అన్నం మాత్రం వండుకుని, గదికి తెచ్చుకుని, తలుపేసుకుని తిన్నాను. మూడు నెలలకు సీసాలు ఖాళీ అయ్యాయి. అప్పుడు వంటింట్లో నిలబడక తప్పలేదు. పక్క పొయ్యి మీద వండుకునే వియత్నాం అమ్మాయి చేప పులుసు నేర్పింది. ఆ పులుసులో చింతపండు చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేను ఆమెకు చారు నేర్పాను. జర్మన్ భాష నాకు క్లాసులో కంటే ఆ పొయ్యి దగ్గరే ఎక్కువ వచ్చింది.

సీసా వద్దు, ఆవకాయ కలపడం నేర్చుకుని వెళ్ళండి. పప్పు, చారు, రెండు కూరలు చేతనైతే చాలు. మగపిల్లలకు ఇది మరీ గట్టిగా చెబుతున్నాను. వంట వచ్చినవాడు పదిమందిని పిలిచి పెట్టగలడు, సీసా ఉన్నవాడు ఒక్కడే తింటాడు.

5. రాని సబ్జెక్టు తీసుకోండి, ప్రొఫెసరుకు అడ్డు చెప్పండి

‘‘జీపీఏ తగ్గకుండా చూసుకో, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకు.’’ విమానం ఎక్కేముందు అందరూ చెప్పే మాటలు ఇవి. నేను లోహశాస్త్రం చదివాను. మొదటి మౌఖిక పరీక్షలో ప్రొఫెసరు విరిగిన బోల్టు ఒకటి బల్ల మీద పెట్టి, ‘‘ఇది ఎందుకు విరిగింది?’’ అని అడిగారు. లోహాలు ఎన్ని రకాలుగా విరుగుతాయో గడగడా చెప్పాను. ‘‘అది పుస్తకంలో ఉంది. ఈ బోల్టు సంగతి చెప్పు’’ అన్నారు. చేతిలోకి తీసుకుని చూడాలని కూడా నాకు తోచలేదు. చూసి ఉంటే, విరిగిన ముఖం మీద ఒడ్డున ఇసుకలో అలలు వదిలినట్టు గీతలు కనిపించేవి. రోజూ కొంచెం కొంచెం బరువు పడుతూ లేస్తూ అలసిపోయి విరిగిన లోహానికి అదే గుర్తు. ఆ దేశంలో 1.0 అంటే అందరికన్నా మేలు, 4.0 దాటితే తప్పినట్టు. నాకు 3.7 వచ్చింది.

మరుసటి సెమిస్టర్‌లో వర్క్‌షాపు పని ఉండే సబ్జెక్టు తీసుకున్నాను. అది నాకు బొత్తిగా రాదు కాబట్టే తీసుకున్నాను. ఏడాది చివర సెమినార్‌లో అదే ప్రొఫెసరు చెప్పిన కారణం నాకు సరిపోలేదనిపించి లేచి చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని ముందుకు జరిగి, ‘‘ఎందుకు?’’ అన్నారు. అరగంట మాట్లాడుకున్నాం. చివరికి ఆయనదే సరైందని తేలింది. అయినా నేను ఇంజనీరునయింది ఆ అరగంటలోనే అని నమ్ముతాను.

6. చేసే పని ఇంట్లో చెప్పండి

రెస్టారెంటులో గిన్నెలు కడుగుతూ, ఇంటికి ఫోన్ చేసి ‘‘లైబ్రరీలో ఉన్నానమ్మా’’ అనే పిల్లలున్నారు. ఆ అబద్ధం చదువు కంటే బరువు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో చదవడానికి బోస్టన్ వెళ్ళి, అక్కడి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు శుభ్రం చేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతికి 1925 నుంచి సహపరిశోధకుడు ఫిస్క్‌తో పాటు ఆయన పేరే ఉంది. మనం ఏ పని చేసినా సిగ్గుపడక్కర్లేదని చెప్పడానికి ఆ ఒక్క జీవితం చాలు.

ఒకటే షరతు, ఆ పని చట్టప్రకారం చేయాలి. అమెరికాలో చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే అనుమతి. బయట దొంగచాటుగా చేసే పని వీసాకే ఎసరు పెడుతుంది. రోజూ వీడియో కాల్ కూడా వద్దు. వారానికి ఒక్కసారి కూర్చుని, ఏం చేశారో, ఎక్కడ తడబడ్డారో నిజం చెప్పండి.

7. తిరిగి రావడాన్ని ఓటమి అనుకోకండి

‘‘వెనక్కొస్తే ఊళ్ళో ఏమనుకుంటారు?’’ అనే మాటకు భయపడి ఇష్టంలేని పనిలో ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు. తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ అమెరికాలోని లీహై యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి తిరిగి వచ్చారు. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. సమాజం అంటరానిదిగా చూసిన తోలు పనికి విజ్ఞానశాస్త్రంలో గౌరవస్థానం తెచ్చారు. అక్కడే ఉండిపోయి గొప్ప పని చేసిన సుబ్బారావు గారూ మనవారే. ఉండాలా, రావాలా అన్నది చేయాల్సిన పనిని బట్టి తేలాలి, ఊరి మాటను బట్టి కాదు. వెళ్ళేముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి: తిరిగి వచ్చేనాటికి నాకు ఏ పని చేతకావాలి? ఉద్యోగం పేరు, జీతం రాయకండి.

నా బల్ల మీద కూడా ఇప్పుడు విరిగిన బోల్టులుంటాయి. వాటిని చేతిలోకి తీసుకుని చూడటం మా పిల్లలకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతాను. నేను జర్మనీ నుంచి తెచ్చుకున్న అసలు ఆస్తి అదే.

అమ్మానాన్నలకు ఒక్క మాట. పిల్లలు ఫోన్ చేసినప్పుడు తిన్నావా, ఉద్యోగం వచ్చిందా అని అడుగుతాం. తప్పులేదు. వాటితో పాటు ఇంకొకటి అడగండి: ‘‘ఈ వారం కొత్తగా ఎవరితో మాట్లాడావు, ఏం నేర్చుకున్నావు?’’ ఆ ప్రశ్నకు మీ పిల్లలు తడుముకోకుండా జవాబు చెబుతుంటే, మీరు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమైనట్టే.